పన్ను కాగితం కోసం ఎనిమిదేళ్లు

వేల్స్ చరిత్రలో గొప్పవాళ్లెవరని అడిగితే వచ్చే పేర్లు నాకు కంఠతా వచ్చేశాయి. 1282లో ఇంగ్లండు సేనల చేతిలో చనిపోయిన రాజు లవెలిన్. 1400లో తిరగబడిన ఒవైన్ గ్లిన్‌డూర్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ను నడిపిన లాయిడ్ జార్జ్. 1948లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చిన అనైరిన్ బెవన్. మధ్యలో బొగ్గు గనులు, చివర్లో రగ్బీ. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నాలాంటి తెలుగువాళ్లు ఊరు నుంచి వచ్చిన చుట్టాలకు కోటలు చూపిస్తూ చెప్పే కథ కూడా ఇదే.

నన్ను అడిగితే ఆ వరసలో ముందు ఉండాల్సిన పేరు ఒక టీచరమ్మది. ఆమె పేరు ఐలీన్ బీస్లీ. పక్కన ఆమె భర్త ట్రెవర్, బొగ్గు గని కార్మికుడు. లానెల్లి పట్టణం దగ్గర లాన్‌గెనెక్ అనే ఊళ్లో ఉండేవాళ్లు. (వాళ్ల భాషలో ఆ మొదటి అక్షరం పలకాలంటే నాలుకను 'ల'కి పెట్టి పక్కల నుంచి గాలి ఊదాలి. మన లిపికి లొంగదు, వదిలేద్దాం.) ఈ భార్యాభర్తలు కత్తి పట్టలేదు, పార్టీ పెట్టలేదు. ఇంటిపన్ను కట్టలేదు, అంతే.

1952లో కొత్తగా పెళ్లయి ఆ ఊళ్లో కాపురం పెట్టిన వీళ్లకి లానెల్లి గ్రామీణ మండలి నుంచి ఇంటిపన్ను నోటీసు వచ్చింది, ఇంగ్లీషులో. మా భాషలో, అంటే వెల్ష్‌లో పంపండి, కడతాం అని రాశారు. మండలి కుదరదంది. వీళ్లు కట్టలేదు. కోర్టుకి లాగారు. కోర్టులో కూడా మా భాషలోనే మాట్లాడతాం అన్నారు. జప్తు మనుషులు వచ్చి ఇంట్లో సామాను పట్టుకెళ్లారు. బాకీ పడ్డ పన్ను కంటే ఆ సామాను విలువే ఎక్కువ. మళ్లీ నోటీసు, మళ్లీ కోర్టు, మళ్లీ జప్తు. అలా పదహారు సార్లు కోర్టు మెట్లెక్కారు. 1960లో మండలి దిగొచ్చి రెండు భాషల్లోనూ అచ్చువేసిన నోటీసు పంపింది. అప్పుడు కట్టారు.

ఇందులో నన్ను పట్టి ఆపే సంగతి ఒకటుంది. ఆ ప్రాంతంలో ఎక్కువమంది ఇంట్లో, వీధిలో, చర్చిలో మాట్లాడేది వెల్షే. మండలి సభ్యులూ, అక్కడి ఉద్యోగులూ కూడా వెల్ష్ మాట్లాడేవాళ్లే. అంటే వీళ్లని అడ్డుకున్నది లండన్ నుంచి దిగిన తెల్లటోపీ దొర కాదు. 'మన భాషలో మాట్లాడుకుందాం, కానీ ఆఫీసు కాగితం అంటే ఇంగ్లీషే కదా' అనుకునే మన పక్కింటాయన. దొరతో పోరాడితే వీరుడంటారు. పక్కింటాయనతో పోరాడితే మొండివాడంటారు, పని లేనివాడంటారు. ఎనిమిదేళ్లు ఆ మాట పడటం కత్తి దెబ్బ కంటే తేలికేమీ కాదు.

1952 అంటే మనకు గుర్తొచ్చేది వేరు. ఆ ఏడాది డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు యాభై ఎనిమిది రోజుల నిరాహార దీక్ష తర్వాత ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అదే కాలంలో లాన్‌గెనెక్‌లో ఇద్దరు మనుషులు అడిగింది రాష్ట్రం కాదు, ఒక్క కాగితం. రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. ఒకటి ప్రాణం, ఇంకొకటి సామాను. కానీ ఫలితం చూస్తే నాకు టెన్షన్ వచ్చేది మన వైపు గురించే. మనకు రాష్ట్రం వచ్చింది. 1966లో అధికార భాషా చట్టమూ వచ్చింది. ఆ తర్వాత కాగితం గురించి సామాను పోగొట్టుకునేంతగా పట్టుబట్టినవాళ్లు ఎంతమంది?

కాగితానికి అంత విలువ ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

లవెలిన్ తర్వాత ఎడ్వర్డ్ రాజు కట్టించిన కార్నార్వన్, కాన్వీ, హార్లెక్ కోటలు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ భాషకు అవేమీ చేయలేదు. రాజులు పోయినా రైతు తన మాటే మాట్లాడుకున్నాడు. అసలు దెబ్బ 1536లో ఎనిమిదో హెన్రీ చట్టంతో పడింది. వేల్స్‌ను ఇంగ్లండులో కలిపేస్తూ అందులో ఒక నిబంధన పెట్టారు: వెల్ష్ వాడేవాళ్లకి ప్రభుత్వ పదవులు దక్కవు, ఇంగ్లీషు వాడితే తప్ప. భాషను ఎవరూ నిషేధించలేదు. వంటింట్లో ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఉద్యోగం కావాలంటే మాత్రం అది బయట వదిలి రావాలి. నాలుగు వందల ఏళ్ల తర్వాత లానెల్లి మండలి గుమాస్తాలో కనిపించిన అలవాటు అక్కడ పుట్టిందే.

ఈ సంగతి ముందే పసిగట్టినవాడు గ్లిన్‌డూర్. అందుకే ఆయన్ని నేను తక్కువ చేయను, కాకపోతే అందరూ చెప్పే కారణానికి కాదు. సినిమా ఫక్కీలో ఆయన యుద్ధాలు, మాయమైపోవడం, శవం కూడా దొరక్కపోవడం చెప్పుకుంటారు. 1406లో పెన్నాల్ అనే ఊరి నుంచి ఫ్రాన్స్ రాజుకి ఆయన రాసిన ఉత్తరం వీటన్నిటికంటే గొప్పది. అప్పట్లో పోటీపడుతున్న ఇద్దరు పోప్‌లలో ఫ్రాన్స్ వైపున్న అవిన్యోఁ వర్గం పోప్‌ను మేం ఒప్పుకుంటాం, బదులుగా మాకు కొన్ని కావాలి అని అందులో అడిగాడు. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి రెండు విశ్వవిద్యాలయాలు. ఇంకా, వేల్స్ చర్చిల్లో మా భాష తెలిసినవాళ్లనే నియమించాలి. చుట్టూ యుద్ధం నడుస్తుంటే ఉద్యోగ నియామకాల గురించి ఆలోచించిన తిరుగుబాటుదారు! ఆ ఉత్తరం ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉంది. అడిగిన విశ్వవిద్యాలయం మాత్రం అబరిస్త్‌విత్‌లో 1872 దాకా రాలేదు.

మరి పదవి లేని భాష అంతకాలం ఎలా బతికింది? ఇక్కడ చరిత్ర కాస్త వెటకారంగా నవ్వుతుంది. ప్రొటెస్టంట్ మతం పట్టిన మొదటి ఎలిజబెత్ ప్రభుత్వానికి వేల్స్ జనం కేథలిక్కులుగా మిగిలిపోతారేమోనని భయం. ఇంగ్లీషులో ప్రార్థన చేస్తే వాళ్లకి అర్థం కాదు. అందుకని 1563లో బైబిల్‌ను వెల్ష్‌లోకి తెమ్మని చట్టం చేసింది. పక్కనే ఇంగ్లీషు బైబిల్ కూడా పెట్టాలంది, రెండూ పోల్చి చూసుకుంటే జనానికి ఇంగ్లీషు త్వరగా వస్తుందని. విలియం మోర్గన్ అనే పల్లెటూరి పాస్టరు 1588లో పూర్తి బైబిల్ తెచ్చాడు. జనం ఇంగ్లీషు నేర్చుకోలేదు. బదులుగా తమ భాషకు ఒక నిలకడైన రాత రూపం దొరికింది. ఆఫీసులో చోటు పోయిన భాషకు చర్చిలో కుర్చీ వేశారు, అదీ దాన్ని తగ్గిద్దామనుకున్నవాళ్లే.

ఆ పుస్తకం ఎంతమంది చదివారన్నది వేరే ప్రశ్న. జవాబు గ్రిఫిత్ జోన్స్ అనే ఇంకో పాస్టరు చెప్పాడు. 1730ల నుంచి ఆయన సంచార బడులు నడిపాడు. పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో ఒక ఊళ్లో రెండు మూడు నెలలు బడి, తర్వాత మాస్టారు ఇంకో ఊరికి. చిన్నపిల్లలూ, ముసలివాళ్లూ, పాలేర్లూ అందరూ వచ్చేవాళ్లు. వెల్ష్‌లో ఎందుకు, ఇంగ్లీషులో చెప్పవచ్చుగా అని పెద్దమనుషులు ఆయన్ని దెప్పారు. తెలిసిన భాషలో చదవడం నెలల్లో వస్తుంది, తెలియని భాషలో ఏళ్లు పడుతుందని ఆయన జవాబు. 1761లో ఆయన చనిపోయే నాటికి అలాంటి బడులు మూడు వేలకు పైగా నడిచాయి. యూరప్‌లోనే అక్షరాస్యత బాగా ఉన్న ప్రాంతాల్లో ఒకటిగా వేల్స్ మారిందంటే ఈ బడుల వల్లే.

అలాంటి జనాన్ని పట్టుకుని 1847లో ప్రభుత్వ నివేదిక ఒకటి మొద్దులు అంది. వేల్స్‌లో చదువుల పరిస్థితి తేల్చమని ముగ్గురు ఇంగ్లీషు లాయర్లను పంపారు. ముగ్గురికీ వెల్ష్ రాదు. వెల్ష్ తప్ప మరొకటి తెలియని పిల్లల్ని నిలబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలడిగారు. పిల్లలు తెల్లమొహం వేశారు. తెలివి లేదని రాసేసుకున్నారు. బడుల దుస్థితి గురించి రాసిన దాంట్లో నిజం ఉంది. అక్కడితో ఆగకుండా, ఈ భాషే జనం నీతికీ బాగుకీ అడ్డమని తేల్చారు. నీలం అట్టలతో అచ్చయిన ఆ మూడు సంపుటాలను వేల్స్ జనం ఇప్పటికీ 'నీలి పుస్తకాల ద్రోహం' అనే పిలుస్తారు.

దానికి అటూ ఇటూగా చాలా బడుల్లో ఒక చెక్కముక్క తిరిగేది. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో దాన్ని వేలాడదీస్తారు. ఇంకొకడు మాట్లాడితే అది వాడి మెడకు మారుతుంది. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాడికి దెబ్బలు. ఇది ప్రభుత్వ ఉత్తర్వు కాదు, బడులు సొంతంగా పెట్టుకున్న పద్ధతి. చాలాచోట్ల తల్లిదండ్రులే సరేనన్నారు, పిల్లలకి ఇంగ్లీషు వస్తే బాగుపడతారని. ఈ చెక్కముక్క గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడి తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో 'ఇక తెలుగు మాట్లాడను' అనే అర్థం వచ్చే పలకలు వేలాడదీసిన ఫొటోలు మనమంతా చూశాం. పేపర్లు గోల చేశాయి, విచారణ అన్నారు. ఆ బడి నడిపినవాళ్లని తిట్టడం తేలిక. అక్కడికి ఫీజు కట్టి పంపిన అమ్మానాన్నలు కోరుకున్నదేమిటి? 1850లో వేల్స్ రైతు కోరుకున్నదే. వాళ్లని తప్పు పట్టలేను. 1536లో ఉద్యోగం ఎటు పోయిందో బిడ్డని అటే పంపారు.

అందుకే బీస్లీల పట్టుదలే సరైన చోట తగిలిందంటాను. భాష గొప్పదని పద్యాలు చదివితే తల్లిదండ్రుల లెక్క మారదు. ఆ భాషకు ఆఫీసులో పని ఉంటేనే మారుతుంది.

ఈ మాట గట్టిగా అన్నవాడు సాండర్స్ లూయిస్. 1962 ఫిబ్రవరి 13న బీబీసీ రేడియోలో ఆయన చేసిన ప్రసంగం వేల్స్‌లో ఒక మలుపు. ఆ మనిషి నాకు పెద్దగా నచ్చడు. పాత దొరల కాలమే బాగుందనుకునే రకం, గని కార్మికుల బతుకు ఆయనకి అందలేదు. 1936లో లీన్ ద్వీపకల్పంలో వైమానిక దళం బాంబుల శిక్షణ కేంద్రం కడుతుంటే ఇద్దరు మిత్రులతో కలిసి దానికి నిప్పుపెట్టి జైలుకెళ్లాడు. రేడియోలో మాత్రం ఆయన నిప్పు గురించి మాట్లాడలేదు, పన్ను నోటీసు గురించి మాట్లాడాడు. బీస్లీల కథ పూసగుచ్చినట్టు చెప్పి, దీన్నే జిల్లాలు జిల్లాలుగా చేయండి అన్నాడు. వెల్ష్ లేకుండా స్థానిక ప్రభుత్వం ఏ పనీ నడపలేని పరిస్థితి తెండి, లేకపోతే ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లోనే ఈ భాష పోతుంది అన్నాడు.

ఆ మాట పెద్దవాళ్లు వినలేదు, కుర్రకారు విన్నారు. అదే ఏడాది భాషా సంఘం పుట్టింది. 1963 ఫిబ్రవరి 2న అబరిస్త్‌విత్‌లో విద్యార్థులు పోస్టాఫీసు గోడల మీద పోస్టర్లు అంటించారు. అరెస్టు చేస్తే సమన్లు వెల్ష్‌లో ఇమ్మని పట్టుబట్టాలని వాళ్ల ప్లాను. పోలీసులు అరెస్టు చేయలేదు! పాపం ఏం చేయాలో తోచక ట్రెవెఖాన్ వంతెన మీద కూర్చుని రోడ్డు ఆపేశారు. అప్పుడూ పోలీసులు పట్టించుకోలేదు. అయినా ఫొటోలు పేపర్లకెక్కాయి. తర్వాత ఇంగ్లీషు ఒక్కటే ఉన్న రోడ్డు బోర్డుల మీద రంగు పూయడం, బోర్డులు పీకడం, టీవీ లైసెన్సు కట్టకపోవడం, జైళ్లు. 1967లో కోర్టుల్లో వెల్ష్ వాడే హక్కు చట్టమైంది. 1993 చట్టం ప్రభుత్వ సంస్థలు రెండు భాషల్నీ సమానంగా చూడాలంది. 2011లో అధికార హోదా వచ్చింది.

అంతా కాగితమేనా, పెద్ద సంఘటనలు లెక్కలోకి రావా అంటే వస్తాయి. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం వేల్స్‌లోని ట్రవెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే ఊరిని ముంచేశారు. 1957లో పార్లమెంటులో బిల్లు వచ్చినప్పుడు వేల్స్ ఎంపీలు ముప్పై ఆరు మందిలో ఒక్కరు కూడా దానికి ఓటు వేయలేదు. అయినా నెగ్గింది. 1965లో జలాశయం తెరిచారు. ఇళ్లు పోయినవాళ్లు నలభై ఎనిమిది మంది. శ్రీశైలం ముంపు, పోలవరం ముంపు చూసిన మనకు ఆ సంఖ్య చాలా చిన్నది. వాళ్లకి మంట పుట్టించింది సంఖ్య కాదు, తమ ఎంపీలంతా ఒక్కటైనా చెల్లకపోవడం. మరుసటి ఏడాదే కార్మార్దన్ ఉప ఎన్నికలో గ్విన్‌ఫోర్ ఎవాన్స్ గెలిచి వేల్స్ జాతీయ పార్టీకి మొదటి ఎంపీ అయ్యాడు.

ఈ ఎవాన్స్‌దే ఇంకో కథ. వెల్ష్‌లో విడిగా టీవీ ఛానల్ ఇస్తామని 1979 ఎన్నికల్లో చెప్పిన కన్సర్వేటివ్ ప్రభుత్వం గెలిచాక మాట తప్పింది. 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ఎవాన్స్ ప్రకటించాడు. థాచర్ ప్రభుత్వం సెప్టెంబరులోనే వెనక్కి తగ్గింది. ఛానల్ 1982 నవంబరు 1న మొదలైంది. ఒక పూట కూడా పస్తుండకుండానే పని జరిగింది. మన నెహ్రూ ప్రభుత్వం యాభై ఎనిమిది రోజులు చూసింది. ఈ పోలిక రాస్తుంటే నాకు కోపమే వస్తుంది, దాచుకోను.

అయితే నా వాదనకు ఒక హద్దు ఉంది, దాని పేరు అబర్‌వాన్. 1966 అక్టోబరు 21 ఉదయం ఊరి పైన గుట్టగా పోసిన బొగ్గు వ్యర్థం జారి బడి మీద పడింది. నూట పదహారు మంది పిల్లలు, ఇరవై ఎనిమిది మంది పెద్దలు పోయారు. ఆ గుట్ట ప్రమాదమని స్థానిక మండలి ఇంజినీరు మూడేళ్ల ముందే ఉత్తరాలు రాశాడు, చక్కని ఇంగ్లీషులో. గనులు నడిపే ప్రభుత్వ బొగ్గు బోర్డు పట్టించుకోలేదు. తర్వాత మిగిలిన గుట్టలు తీయడానికి, పోయిన పిల్లల పేరున జనం ఇచ్చిన విరాళాల నిధి నుంచే లక్షన్నర పౌండ్లు తీసుకున్నారు. అది తిరిగి ఇచ్చింది 1997లో, వడ్డీ లేకుండా. కాగితం ఏ భాషలో ఉన్నా చదివేవాడికి మనసు లేకపోతే ఇంతే. దక్షిణ గనుల లోయల్లో అప్పటికే ఇంగ్లీషు మాట్లాడుతున్న జనానికి రోడ్డు బోర్డుల గొడవ దూరపు సంగతిగా తోచిందంటే అర్థం చేసుకోగలను. 1979లో సొంత శాసనసభ కావాలా అని అడిగితే ఐదుగురిలో నలుగురు వద్దన్నారు. 1997లో మళ్లీ అడిగితే 6,721 ఓట్ల తేడాతో గట్టెక్కింది.

ఇప్పుడు నాకు వచ్చే కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటిపన్ను బిల్లు రెండు భాషల్లో వస్తుంది. నాకు రెండోది రాదు. నేను అడగలేదు కూడా. అడగకుండానే రావడమే అసలు గెలుపు. 2008లో స్వాన్‌సీలో ఒక రోడ్డు బోర్డుకి వెల్ష్ వాక్యం కావాలని అనువాద విభాగానికి మెయిల్ పెడితే తిరుగు జవాబు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద అచ్చేసి రోడ్డు పక్కన నిలబెట్టారు. అది చదివినవాళ్లు పడీ పడీ నవ్వారు: 'నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సినవి ఏమైనా ఉంటే పంపండి.' నవ్వుకున్నాక నేను గమనించింది, లారీలకు ప్రవేశం లేదని చెప్పే మామూలు బోర్డుకి కూడా ఒక ఉద్యోగి అనువాదం అడగక తప్పని స్థితి. మన మున్సిపాలిటీల్లో ఇలాంటి తప్పు జరగాలన్నా ముందు ఆ మెయిల్ పెట్టే అవసరం ఉండాలి కదా.

అంటే భాష బతికిపోయిందా? 1911 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షల డెబ్బై వేలకు పైగా, అంటే నూటికి నలభై మూడు మంది వెల్ష్ మాట్లాడేవాళ్లు. 2021లో అయిదు లక్షల ముప్పై ఎనిమిది వేలు, నూటికి పద్దెనిమిది మంది లోపే. 2050 నాటికి పది లక్షలు చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. చూస్తే బిల్లు గెలిచింది, జనం తగ్గారు. నా వాదనకు ఇది దెబ్బే అంటారు కొందరు. నాకు అలా అనిపించదు. బిల్లులు, బడులు, ఛానల్ లేకపోయి ఉంటే లూయిస్ చెప్పిన జోస్యం నిజమయ్యేది. ఐరోపాలో పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఒకప్పుడు పూర్తిగా అంతరించిన కార్నిష్, మాంక్స్ లాంటి చిన్న భాషల్ని చూడండి. కానీ వాయవ్య వేల్స్‌లోని గ్వినెద్ పల్లెల్లో ఇళ్ల ధరలు బయటివాళ్లు సెలవుల కోసం కొనుక్కోవడంతో పెరిగిపోయి, అక్కడి కుర్రవాళ్లు ఊరొదిలి పోతుంటే పన్ను నోటీసు ఏ భాషలో ఉన్నా ఆపలేదు. అది వేరే యుద్ధం.

ఐలీన్ బీస్లీ 2012లో తొంభై ఒకటో ఏట పోయారు. అప్పుడు కొందరు ఆమెను 'వేల్స్ రోజా పార్క్స్' అన్నారు. ఆ పోలిక నాకు అక్కర్లేదనిపించింది. అమెరికాలో బస్సు సీటు తెల్లవాళ్లకి వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ ఎదుర్కొన్నది ఆమెను మనిషిగా చూడని వ్యవస్థను. ఐలీన్ ఎదుర్కొన్నది సొంతవాళ్ల బద్ధకాన్ని, సిగ్గుని.

ఆమె పోయిన అయిదేళ్లకు అదే లాన్‌గెనెక్ పేరు మళ్లీ పేపర్లకెక్కింది. ఊరి ప్రాథమిక బడిని పూర్తిగా వెల్ష్ మీడియం చేయాలని కార్మార్దన్‌షైర్ కౌన్సిల్ 2017 జనవరిలో తీర్మానించింది. ఊరు రెండుగా చీలింది. ఇంగ్లీషు మీడియం కావాలనుకునేవాళ్లు పిల్లల్ని పక్క ఊరికి పంపాలి, ఇదేం న్యాయం అన్నారు. ఇంటర్నెట్‌లో తిట్లు, ఇరుగుపొరుగు మధ్య మాటల్లేకపోవడం. చివరికి బడి వెల్ష్ మీడియం అయ్యింది. నేను ఆ వద్దన్న తల్లిదండ్రుల మాటలు చదివాను. వాళ్లలో భాషను ద్వేషించేవాళ్లు కొందరున్నారు, అందరూ కాదు. చాలామందికి ఒక్కటే పట్టింపు: అడగడానికి మాకు హక్కు లేదా? డెబ్బై ఏళ్ల కిందట ఆ ఊళ్లో ఇద్దరు అడిగిందీ అదే ప్రశ్న. నేను ఆ ఊళ్లో ఉండి ఉంటే కౌన్సిల్ వైపే ఓటు వేసేవాణ్ణి, ఎందుకంటే ఇంగ్లీషు బడి పక్క ఊళ్లో దొరుకుతుంది, వెల్ష్ బడి తగ్గితే ఇంకెక్కడా దొరకదు. కానీ ఓటు వేశాక ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి టీ తాగుతూ మాట్లాడాల్సిన పని కూడా నాదేనని ఒప్పుకునేవాణ్ణి. కౌన్సిల్ ఆ పని ఎంతవరకు చేసిందన్నది ఆ ఊరివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.